దత్తపుత్రత్వము: ఒక పదము, రెండు ధర్మములు

1

తెలుగు బైబిలును మతగ్రంథముగా చదువువారు లక్షలాదిగా నున్నారు. భాషాగ్రంథముగా పరిశీలించువారు మాత్రము స్వల్పము. దాని వాక్యనిర్మాణమును గూర్చియు, కొన్ని విచిత్రప్రయోగములను గూర్చియు అక్కడక్కడ ప్రస్తావనలు కలవు. కాని ఒక పరదేశీయ ధర్మము తెలుగుపదమును ఆశ్రయించినపుడు, ఆ పదమున కదివరకే యున్న సంస్కారము ఆ ధర్మమునకు ఏమి చేర్చినది, దానివలన ఏమి కోల్పోయినది అను విచారణ మనలో బలపడలేదు. అట్టి విచారణకు మిక్కిలి తగిన పదము 'దత్తపుత్రత్వము'. అనాథశిశువును తన బిడ్డగా చేసికొనుటను గూర్చిన క్రైస్తవభావన ఎట్టిదో తెలిసికొనుటకు ఈ ఒక్క పదము చక్కని ద్వారము. ఆ ద్వారమున ప్రవేశించి చూచుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

పౌలుపేర వెలసిన లేఖలలో 'హుయొథెసియా' అను గ్రీకుపదము ఐదు తావుల కనబడును. రోమీయులకు వ్రాసిన లేఖలో మూడు, గలతీయులకు వ్రాసినదానిలో ఒకటి, ఎఫెసీయులకు వ్రాసినదానిలో ఒకటి. క్రొత్తనిబంధనమున మరి యెచ్చటను ఈ మాట లేదు. బహుళప్రచారము నందిన పాత తెలుగు అనువాదమున రోమా, గలతీ లేఖలలో దీనికి 'దత్త'శబ్దముతో కూడిన రూపములు వాడబడినవి. 'దత్తపుత్రాత్మ' అను సమాసము వానిలో ప్రసిద్ధము. ఎఫెసీ లేఖలో మాత్రము 'కుమారులనుగా స్వీకరించు' అను క్రియాప్రయోగము కలదు. ఒకే మూలపదమునకు ఇట్లు రెండు తెలుగురూపములు ఏర్పడుట గమనింపదగిన విషయము. ఒకటి ఇచ్చుటను చెప్పుచున్నది. రెండవది పుచ్చుకొనుటను చెప్పుచున్నది.

వ్యుత్పత్తిని బట్టి చూచినచో భేదము మరింత స్పష్టమగును. 'దత్త' మనగా ఇయ్యబడినది. ఆ పదము దాతవైపునుండి చూచును. ఇచ్చువాడు లేక దత్తుడు లేడు. గ్రీకుపదము 'పుత్రుడు', 'నిలుపుట' అను రెండంశముల కూడిక. పుత్రస్థానమున నిలుపుట దాని యర్థము. అది స్వీకర్తవైపునుండి చూచును. ఇక అచ్చతెలుగున మనకున్న మాట 'పెంపుడు'. అది ఇచ్చినవానిని గాని నిలిపినవానిని గాని చెప్పదు. దినదినమును జరుగు పోషణను చెప్పును. ఇచ్చుట, నిలుపుట, పెంచుట అను ఈ మూడును ఒకే సంబంధమునకు మూడు ముఖములు. ఏ భాష ఏ ముఖమును చూచి పేరు పెట్టినదో దానిని బట్టి ఆ సమాజము దేనిని ప్రధానముగా నెంచినదో ఊహింపవచ్చును.

2

తెలుగునకు ధర్మశాస్త్రపరిభాష క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్దిలోనే కేతన విజ్ఞానేశ్వరీయమును తెలుగుపద్యములలోనికి తెచ్చెను. కావున 'దత్తుడు' అనగానే విద్యావంతుడైన తెలుగువాని మనస్సున ఒక నిశ్చితమైన వ్యవహారస్వరూపము మెదలుట సహజము. ఆ స్వరూపమును సంగ్రహముగా స్మరింతము.

మనువు తొమ్మిదవ అధ్యాయమున పండ్రెండు విధములైన పుత్రులను పేర్కొనెను. వారిలో దత్తుడు, తలిదండ్రులు ఆపత్కాలమున ఉదకపూర్వకముగా, ప్రీతితో, సజాతీయునకు ఇచ్చిన కుమారుడు. తలిదండ్రులచే విడువబడి పరునిచే గ్రహింపబడినవాడు అపవిద్ధుడు. తలిదండ్రులు లేక, లేదా నిష్కారణముగా త్యజింపబడి, తన్ను తానే ఒకని కర్పించుకొనువాడు స్వయందత్తుడు. ఈ విభాగము మన ప్రకృతవిషయమునకు మిక్కిలి ముఖ్యము. ఏలయనగా నేడు మనము అనాథయని వ్యవహరించు శిశువునకు శాస్త్రమున స్థానము లేకపోలేదు. కాని ఆ స్థానము దత్తస్థానము కాదు. అనాథ అపవిద్ధుడో స్వయందత్తుడో కాగలడు. వీరిలో స్వయందత్తునకు బంధుత్వమే గాని దాయాధికారము లేదని మనువు మతము. పిమ్మట కలియుగమున ఔరసుడును దత్తుడును తప్ప తక్కిన పుత్రులు నిషిద్ధులని నిబంధనకారులు తీర్మానించిరి. నందపండితుని దత్తకమీమాంస ఈ మతమును ప్రతిపాదించు గ్రంథములలో ప్రసిద్ధము. ఫలితముగా అనాథకు శాస్త్రమున మిగిలియుండిన రెండు వాకిండ్లును మూతపడినవి. దత్తత కావలెనన్న ఇచ్చుటకు తల్లియో తండ్రియో జీవించి యుండవలెను. తలిదండ్రులు గతించినవానిని ఇచ్చు అధికారము ఎవ్వరికిని లేదు. బ్రిటిషు కాలపు న్యాయస్థానములును సామాన్యముగా, విశేషాచార మున్నచోట తప్ప, ఈ మతమునే అనుసరించినవి.

దత్తవిధికి మరి మూడు నియమములు కలవు. పుత్రుడు లేనివాడే దత్తుని గ్రహింపవలెను; దీని మూలప్రయోజనము పిండోదకములు, వంశనామరక్షణము. ఏకపుత్రుని ఇయ్యరాదు, గ్రహింపరాదు అని వసిష్ఠవచనము. దత్తుని స్వీకరించిన పిమ్మట ఔరసుడు పుట్టెనేని దత్తునకు చతుర్థాంశమే దక్కును. వీనికి దేశాచారములను బట్టి సడలింపు లున్నను శాస్త్రముయొక్క ముఖ్యాభిప్రాయము ఇదియే.

ఇందు నిందింపవలసినది లేదు. సంతానహీనునకు సంతానము నిచ్చి, ఒక కుటుంబమును విచ్ఛిత్తినుండి కాపాడు వ్యవస్థ ఇది. కాని ఇందలి ఆవశ్యకత తండ్రిది, బిడ్డది కాదు. తండ్రికి కొడుకు కావలెను గనుక దత్తత జరుగును. ఈ దిశను గుర్తుంచుకొని పౌలు లేఖలకు మరలుదము.

3

పౌలు ప్రయోగమున దత్తవిధియందలి ప్రతినియమమును తలక్రిందగుట ఆశ్చర్యకరము. మొదటిది, ఇచ్చట దాత లేడు. ఏ తండ్రియు తన బిడ్డను దేవునకు ధారపోయలేదు. రోమా లేఖలో పుత్రత్వమునకు ప్రతిగా నిలిచినది దాస్యము. గలతీ లేఖలో విమోచనము ముందు, పుత్రత్వము తరువాత. అనగా ఈ పుత్రుడు మనువు లెక్కలో దత్తునికంటె క్రీతునకు దగ్గర. అయినను క్రీతునకు మనువు నిరాకరించిన దాయభాగము ఇతనికి పూర్తిగా కలదు. రెండవది, ఇచ్చట తండ్రి అపుత్రకుడు కాడు. అతనికి ఔరసస్థానీయుడైన కుమారుడు కలడు. తెలుగు బైబిలు ఆ కుమారుని 'అద్వితీయ'శబ్దముతో విశేషించినది. ఔరసు డుండగా దత్తుని గ్రహించుట ధర్మశాస్త్రదృష్టిలో నిరర్థకము. మూడవది, ఏ ఏకపుత్రుని ఇయ్యరాదని వసిష్ఠుడు శాసించెనో ఆ ఏకపుత్రుని ఇచ్చుటయే సువార్తలకు ఆధారవస్తువు. నాల్గవది, దత్తునకు చతుర్థాంశము కాదు, ఔరసునితోడి సమానదాయము.

ఈ నాలుగు విపర్యయములకును మూలము ఒకటే. ఇచ్చట ఆవశ్యకత తండ్రిది కాదు. అతనికి పిండ మక్కరలేదు, వంశనామ మంతరించు భయము లేదు. పుత్రస్వీకారమునకు ప్రయోజనము స్వీకరింపబడువానియందే యున్నది. క్రైస్తవవిశ్వాసము దత్తభావనకు చేర్చిన నూతనాంశ మేదియని ప్రశ్నించినచో, నా యభిప్రాయమున సమాధాన మిదియే: ఆవశ్యకతయొక్క దిశ మారినది.

అయితే ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. పౌలు మనస్సునందున్నది అనాథశిశువు అని చెప్పుటకు వీలు లేదు. అతడు వ్రాసినది రోమక సామ్రాజ్యమున నివసించువారికి. ఆ సమాజమున పుత్రస్వీకారము ముఖ్యముగా దాయాదిని సంపాదించుకొను ఉపాయము. స్వీకరింపబడినవారు తరచుగా వయస్సు వచ్చినవారు. జూలియస్ సీజరు మరణశాసనముచే క్రీ. పూ. 44లో ఆక్టేవియను అతని పుత్రు డాయెను. అతడే పిమ్మట అగస్టసుగా పేరొంది క్రీ. శ. 4లో టైబీరియసును స్వీకరించెను. వీరెవ్వరును దిక్కులేని పసివారు కారు. కావున పౌలు పదమును చూపి, అనాథలను దత్తు తీసికొనుడని ఇది సూటిగా విధించుచున్నదని కొందరు బోధకులు చేయు వ్యాఖ్య మూలమును మించినది.

4

అనాథను గూర్చిన చింత బైబిలున వేరొక పాయగా ప్రవహించుచున్నది. నిర్గమకాండము విధవను, దిక్కులేని పిల్లను బాధింపరాదని శాసించును. ద్వితీయోపదేశకాండము పొలమున మరచిన పనను, చెట్టున మిగిలిన పండును పరదేశికి, తండ్రిలేనివానికి, విధవకు విడువుమని చెప్పును. అరువదియెనిమిదవ కీర్తన దేవుని తండ్రిలేనివారికి తండ్రిగా వర్ణించును. యాకోబు పత్రిక దిక్కులేని పిల్లలను పరామర్శించుటను నిష్కళంకభక్తికి లక్షణముగా చెప్పును. ఈ వాక్యము లన్నింటిలోను అడుగబడినది న్యాయము, ఆహారము, రక్షణము, పుత్రస్వీకారము కాదు. అనాథను 'కాపాడుము' అని ఉన్నదేగాని 'కొడుకుగా చేసికొనుము' అని లేదు.

పుత్రస్వీకారమునకు పాతనిబంధనమున దృష్టాంతములు మాత్రము కలవు. తలిదండ్రులు గతించిన ఎస్తేరును బంధువగు మొర్దెకై తన కుమార్తెగా చేసికొనెను. ఫరో కుమార్తె మోషేను కుమారునిగా చేసికొనెను. ఈ రెండవ కథలో మనము సామాన్యముగా గమనింపని అంశ మొకటి కలదు. నీటిలో దొరికిన ఆ బిడ్డకు పాలిచ్చి పెంచినది కన్నతల్లియే. పెరిగిన పిమ్మట అతనిని రాజపుత్రికయొద్దకు తోడ్కొనిపోయి అప్పగించినదియు ఆమెయే. మనువు చెప్పిన ఆపద ఇచ్చట కలదు, దాతయు కలదు. ఉదకము ధారపోయబడలేదు గాని నదియే సాక్షిగా నున్నది.

ఈ రెండు పాయలును సంగమించిన తావు యోహాను సువార్త పదునాల్గవ అధ్యాయము. ఎడబాయనున్న గురువు శిష్యులను 'అనాథలు'గా విడువనని పలికిన సందర్భ మది. మూలమందున్న గ్రీకుపదము తలిదండ్రులు లేనివారిని చెప్పునదే. ఇచ్చట అనాథ ఎవ్వరు? వీథిలోని శిశువు కాదు, విశ్వాసియే. తాను అనాథగా నుండి స్వీకరింపబడితినని తలచువాడు మరియొక అనాథను చూచునపుడు అతని దృష్టి మారక తప్పదు. నాల్గవ శతాబ్దిలో సిరియా ప్రాంతమున సంకలితమైన 'అపొస్తలుల శాసనములు' అను గ్రంథము నాల్గవ భాగమున ఈ మార్పు ఆచారరూపమును పొందినది. అనాథబాలుని సంతానహీనుడగు సోదరుడు కుమారునిగా చేసికొనుట మంచిదనియు, అనాథబాలికను ఈడైన కుమారుడుగలవాడు కోడలిగా చేసికొనుట మంచిదనియు ఆ గ్రంథము చెప్పును. సంతానహీనునే ముందు పేర్కొనుటచేత ప్రాచీనధర్మపు నీడ అందును తొలగలేదని గ్రహింపవచ్చును. కాని ఎంపికకు కారణము ఇప్పుడు వంశము కాదు, బిడ్డయొక్క దిక్కులేనితనము.

5

ఈ భావనకు మన సాహిత్యమున సరిపోల్చదగినది కర్ణుని గాథ. ఉద్యోగపర్వమున కృష్ణుడు కర్ణునితో పలికిన వాదము శాస్త్రవాదము: కానీనుడు తల్లిని పెండ్లాడినవానికే పుత్రుడు, కావున నీవు పాండవజ్యేష్ఠుడవు అని. కర్ణుని ప్రత్యుత్తరము శాస్త్రమును ఖండింపదు. దాని ప్రక్కన మరియొక ప్రమాణమును నిలుపును. తన్ను చూచినంతనే స్నేహముచే రాధకు పాలు చేపినవి. అధిరథుడు జాతకర్మాదులు జరిపించెను. అట్టివారికి పిండలోపము చేయుట తనవంటివానికి తగదు. ఇచ్చట పిండము పెంచినవారు కోరిన ప్రయోజనము కాదు, పెరిగినవాడు స్వేచ్ఛగా చూపు కృతజ్ఞత. కృష్ణుడు చెప్పినది పుట్టుక. కర్ణుడు చెప్పినది పెంపు. 'రాధేయు'డను పేరు అతనికి నిలుచుటచేత భారతము ఎవరి పక్షమున నున్నదో తెలియుచునే యున్నది. అనాథను బిడ్డగా చేసికొను హృదయము క్రైస్తవముతోనే మనదేశమునకు వచ్చినదను మాట కావున నిలువదు. శకుంతలను పెంచిన కణ్వుడు వ్యాసభారతమున దేహము నిచ్చినవానిని, ప్రాణము కాచినవానిని, అన్నము పెట్టినవానిని ముగ్గురిని తండ్రులుగానే చెప్పెను. ఆ హృదయము మన కావ్యములలో కలదు. శాస్త్రమున దానికి అధికారము లోపించినది.

కర్ణగాథయందే మరియొక హెచ్చరిక యున్నది. రాధ ఇచ్చినది ప్రేమ; దుర్యోధను డిచ్చినది రాజ్యము. రాధకు కర్ణుడు కొడుకు, దుర్యోధనునకు ఋణగ్రస్తుడు. ఆ ఋణమే అధర్మపక్షమును విడువలేని సంకెల యైనది. స్వీకరింపబడినవానిపై ఉపకారభారమును మోపుట పుత్రత్వము కాదు, దాస్యమే. పౌలు దాస్యపు ఆత్మకును పుత్రాత్మకును చెప్పిన భేదమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము తెలుగు విద్యార్థికి దొరకదు. క్రైస్తవబోధలో అప్పుడప్పుడు దొరలు ఒక దోషమును గూడ ఈ ప్రమాణముతో కొలువవచ్చును. దత్తు తీసికొన్నవానిని దేవునితోను, బిడ్డను ఉద్ధరింపబడిన పాపితోను పోల్చి చెప్పు బోధ వినసొంపుగా నుండును. కాని ఆ ఉపమానమున స్వీకర్త తన స్థానమును మరచినవాడగును. పౌలు లెక్కలో అతడును స్వీకరింపబడినవాడే. దాతృత్వగర్వమునకు ఆ సిద్ధాంతమున తావు లేదు. బిడ్డ 'నాన్నా' యని హక్కుతో పిలుచుచున్నదా, మొగమాటముతో పిలుచుచున్నదా యన్నదే పరీక్ష.

6

ఇక ఆచరణమును గూర్చి. 1876–78 నాటి ధాత కరువు మొదలుకొని తెలుగుసీమలోని క్రైస్తవసంఘములు అనాథశిశువులకు ఆశ్రయ మిచ్చినవి. ఆ సేవ తక్కువది కాదు. కాని ఆ ఆశ్రయము 'అనాథశరణాలయము' అను రూపమును ధరించెను. శరణాలయము అన్నము పెట్టును, చదువు చెప్పును, పుత్రస్థానమున నిలుపదు. యాకోబు పత్రిక చెప్పిన పరామర్శ అందు నెరవేరినది. పౌలు చెప్పిన పదము నెరవేరలేదు. దీనికి మనుష్యుల అశ్రద్ధ యొక్కటే కారణము కాదు, శాసనమును కారణము.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి శాసనము తలిదండ్రులు గతించిన బిడ్డను సంరక్షకుడు న్యాయస్థానపు అనుమతితో ఇయ్యవచ్చునని చెప్పి, శతాబ్దములుగా మూతపడిన వాకిటిని కొంత తెరచెను. తలిదండ్రు లెవరో తెలియని బిడ్డలకును, విడువబడిన బిడ్డలకును 1962 నాటి సవరణము ఆ మార్గమును విస్తరించెను. కాని అది హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. క్రైస్తవునకు 1890 నాటి సంరక్షకుల శాసనమే శరణ్యము. దానిచే బిడ్డకు సంరక్షకుడు లభించును గాని తండ్రి లభింపడు. సంరక్షణము మైనారిటీతో ముగియును, దాయాధికారము రాదు. సర్వమతములకు వర్తించునట్లు 1972లో ప్రతిపాదింపబడిన బిల్లు శాసనము కాలేదు. తరతరములుగా దేవాలయమున 'దత్తపుత్రాత్మ'ను గూర్చి చదివిన తెలుగు క్రైస్తవుడు తన యింట పెరుగుచున్న బిడ్డను దత్తపుత్రుడని వ్రాయించుకొనలేకపోయెను. పదము అతని వేదమున నున్నది. అధికారము పొరుగువాని శాసనమున నున్నది. ఇంతకంటె విషాదకరమైన వైరుధ్యము అనువాదచరిత్రలో అరుదు. 2000లో వచ్చిన బాలన్యాయశాసనము, దాని 2006 సవరణము ఈ స్థితిని మార్చినవి. మతభేదము లేక ఎవ్వరైనను ఆ శాసనము ననుసరించి దత్తు తీసికొనవచ్చునని 2014లో సర్వోన్నత న్యాయస్థానము స్పష్టము చేసెను. దాని స్థానమున వచ్చిన 2015 శాసనము అనాథ, విడువబడిన బిడ్డ, అప్పగింపబడిన బిడ్డ అని మూడు తెగలను గుర్తించుచున్నది. స్వయందత్త, అపవిద్ధ, దత్తవిభాగముల ఛాయ ఇందు కనబడుట పరిశోధకులకు ఆసక్తికరము.

ఇంతవరకు దత్తధర్మమును సువార్త సరిదిద్దిన విధమును చూచితిమి. సువార్తానుయాయులు దత్తధర్మమునుండి నేర్వవలసినదియు ఒకటి కలదు. దాతను స్మరించుట. బిడ్డకు దిక్కు లేదను ఆవేశములో, దిక్కుండియు పేదరికముచే మూగవోయిన తల్లిని మరచుట సులభము. 1999, 2001 సంవత్సరములలో నాటి ఆంధ్రప్రదేశమున వెలువడిన శిశువిక్రయవివాదములలో, తెలంగాణపు తండాలనుండి లంబాడా శిశువులు మధ్యవర్తులద్వారా చేతులు మారి విదేశదత్తతకు ఉద్దేశింపబడిన సంగతి లోకవిదితము. వారు అనాథలు కారు, పేదవారి బిడ్డలు. దాతను లెక్కింపని స్వీకారము ఎంత సదుద్దేశముతో జరిగినను అపహరణమునకు సమీపించును. ఇచ్చు తల్లి ప్రీతితో, తెలిసి ఇయ్యవలెనను మనువు నియమము ఇచ్చట సార్థకము. బిడ్డను అప్పగించిన తలిదండ్రులకు పునరాలోచనకై రెండు మాసముల గడువు నిచ్చు నేటి శాసనము ఆ నియమమునకే క్రొత్తరూపము. మోషేతల్లి స్వయముగా బిడ్డను అప్పగించినట్లు చెప్పిన నిర్గమకాండము గూడ ఈ పక్షముననే సాక్ష్య మిచ్చును.

కావున అనువాదకులు 'దత్త'శబ్దమును గ్రహించుట పొరపాటని నేను తలపను. మూలమందలి నిలుపుటను అది పూర్తిగా చెప్పలేదు, నిజమే. 'స్వీకృత'శబ్దము మూలమునకు మరింత సన్నిహితము. ఎఫెసీ లేఖలోని ప్రయోగమే దానికి నిదర్శనము. కాని 'దత్త'శబ్దము తనతో గొనివచ్చిన రెండు సుగుణములను మరి యే పదమును ఈయజాలదు. దత్తత ఒకసారి జరిగిన పిమ్మట రద్దుకాదు. దత్తుడు తన పేరున, తన హక్కున నిలుచును. ఇచ్చిన చేయి యొకటి కలదని ఆ పదము ఎల్లప్పుడును గుర్తుచేయుచుండును. మూలము పుచ్చుకొనువాని గర్వము నణచినది. అనువాదము ఇచ్చినదాని దుఃఖమును కాపాడినది. ఈ రెండింటికిని నడుమ దినదినమును పెంచు చేతులకు తెలుగువాడు పెట్టిన పేరు 'పెంపుడు' అన్నది. ఈ మూడు పదములను కలిపి చదివినపుడే అనాథను బిడ్డగా చేసికొనుట అను కార్యముయొక్క పూర్ణస్వరూపము మనకు గోచరించును. తెలుగు బైబిలునందలి ఇతర ధర్మశాస్త్రపదములను, ముఖ్యముగా 'నిబంధన', 'విమోచన', 'వారసుడు' అనువానిని, ఇట్లే పరిశీలింప పరిశోధకవిద్యార్థులు పూనుకొందురుగాక.